సప్పుడు సంగతి

కిషన్ రావు తన కారును ఎవరేమన్నా పడతాడు. రెండే సీట్లేమిటని ఎగతాళి చేస్తే నవ్వుతాడు, వానొస్తే లోపల కూడా గొడుగు కావాలట కదా అంటే అవునంటాడు. దాని గొంతు బాగాలేదంటే మాత్రం ఊరుకోడు. అరవై ఏళ్ల కిందట ఇంగ్లండులో తయారైన ఎర్రటి స్పోర్ట్స్ కారది. కరెంటాఫీసులో ఇంజనీరుగా ఉన్న రోజుల్లో, హైదర్‌గూడలో ఒక వకీలు గారి షెడ్డులో దాని సీట్ల మీద కోళ్లు గుడ్లు పెడుతుంటే చూడలేక కొనేశాడు.

కుడి సీటు ఆయనది. ఎడమ సీటు పదకొండేళ్లుగా ఖాళీ. భార్య కమల ఎక్కదు. అప్పట్లో ఒకనాడు నల్లకుంటలోని పుట్టింటి నుంచి వస్తూ, దారి మధ్యలో కారాపించి దిగి, ఆటోలో ఇల్లు చేరింది. ఎందుకని అడిగితే ఒక్కటే మాట చెప్పింది.

"ముందుగాల సప్పుడు సంగతి తేలాలె. గప్పుడే ఎక్కుత."

కిషన్ రావు మంచివాడే. కాకపోతే ఇంజనీరు. సమస్య చెవిన పడగానే పరిష్కారానికి పరుగెత్తే రకం. ఈ పదకొండేళ్లలో ఏడు సైలెన్సర్లు మార్చాడు. మార్చిన ప్రతిసారీ ఎడమ తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు, ప్రతిసారీ కమల మూతి తిప్పుకుని లోపలికి పోయింది. చప్పుడు పెంచే గొట్టాన్ని కూడా సైలెన్సరనే పిలుచుకునే జాతి మనది. ఇక అందులో మొగుడూ పెళ్లాలకు ఒకరి మాట ఒకరికి అర్థం కావాలంటే ఎట్లా?

ఈసారి ముహూర్తం ముంచుకొచ్చింది. ఆదివారం నల్లకుంటలో కమల చెల్లెలు ఉదయశ్రీ గృహప్రవేశం. తాను క్యాబులో పోతానని కమల తేల్చి చెప్పింది. పెళ్లాం క్యాబులో, మొగుడు వెనకాల ఎర్రకారులో దిగితే చుట్టాల ముందు పరువేం కాను? పరువు మాట అటుంచితే ఆయనకు నిజంగానే బాధగా ఉంది. పక్క సీటు ఖాళీగా ఉంటే సగం కారే నడుపుతున్నట్టుండేది.

శుక్రవారం పొద్దున ముషీరాబాద్ నుంచి పీరయ్య ట్రాలీ ఆటోలో మూడు సైలెన్సర్లు వేసుకొని వచ్చాడు. ముప్పై ఏళ్లుగా వాటికి వెల్డింగులు చేస్తున్నవాడు. చెవి పెట్టి వింటే చాలు, పైపు ఎక్కడ పగిలిందో చెప్పేస్తాడు.

"గిది ఖాళీ పైపు సార్, పులి లెక్క గాండ్రిస్తది. గిది రెండు డబ్బలది, జర గంభీరం. గీ స్టీల్‌ది సన్నగ, తియ్యగ మోగుతది. ఏది పెట్టాలె?"

"మొదలు పులిని పెట్టు," అన్నాడు కిషన్ రావు.

పులి గాండ్రించగానే పక్క మేడ మీది రీడింగ్ రూమ్ కిటికీలన్నీ ఒక్కసారే తెరుచుకున్నాయి. అక్కడ నలభై మంది సర్కారు కొలువుల పరీక్షలకు చదువుతున్నారు. మహబూబాబాద్ నుంచి వచ్చి మూడేళ్లుగా గ్రూప్స్‌కు చదువుతున్న సంధ్య, పుస్తకంలో వేలు పెట్టుకుని దడదడా మెట్లు దిగి వచ్చింది.

"అంకుల్, ఇండ్లున్న కాడ పగటిపూట యాభై ఐదు డెసిబెల్స్ దాటొద్దు. మీ కారు ఎంత కొడ్తున్నదో తెలుసా?"

"తెల్వదమ్మా."

"మాక్కూడ తెల్వది. మా సిలబస్‌ల గంత పెద్ద నంబర్ లేదు."

కిషన్ రావు సిగ్గు విడిచి తన కష్టమంతా చెప్పుకున్నాడు. వింటూ వింటూ సంధ్య కోపం చల్లారింది. చదివి చదివి ఆ పిల్లకు ఎవరి కష్టమైనా నాలుగు ఆప్షన్లుగా కనబడుతోంది.

"పరేషాన్ గాకుండ్రి అంకుల్. మూడూ ఒకదాని ఎన్క ఒకటి మోగియ్యిండ్రి. మేం పైనుంచి ఇంటం. ప్రాక్టీస్ ఓఎంఆర్ షీట్లు బొచ్చెడున్నయ్. ఏ, బీ, సీ, డీ పెడ్తం. ఆంటీకి గూడ ఒకటిస్తం."

"డీ ఏందమ్మా? నా దగ్గర మూడే ఉన్నయి గద?"

"డీ లేకుంటె అది పరీక్షెట్లయితది అంకుల్?"

వరండాలో బియ్యం ఏరుతున్న కమల షీటు వద్దనలేదు. చాట పక్కన పెట్టి పెన్ను అందుకుంది. అది చూసి కిషన్ రావుకు ప్రాణం లేచొచ్చింది.

పీరయ్య విప్పాడు, బిగించాడు, మళ్లీ విప్పాడు. మధ్యాహ్నానికి ఫలితాలు వచ్చాయి. పులికి ఇద్దరు, గంభీరానికి ఆరుగురు, స్టీలుకు నలుగురు. మిగతా ఇరవై ఎనిమిది మందీ 'పైవేవీ కావు'.

"ఆంటీ షీట్ చెల్లది," అంది సంధ్య. "బబుల్ నింపలే. కింద ఏమో రాసింది."

"ఏం రాసింది?"

"ప్రశ్నే తప్పు, అని."

రీడింగ్ రూమ్ పిల్లలంతా కమల వైపు గౌరవంగా చూశారు. ప్రశ్నే తప్పని అనడానికి ఎంత ధైర్యం కావాలో వాళ్లకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?

"ప్రశ్న తప్పయితె అబ్జెక్షన్ పెట్టాలె ఆంటీ," అంది సంధ్య. "కారణం గూడ చెప్పాలె."

కమల లేచి నిలబడింది.

"చెప్త. గా దినం కార్ల మా అమ్మ ఆపరేషన్ సంగతి చెప్పుకుంట ఏడుస్తున్న. ఈయన ఏమన్నరో అడుగు. 'సప్పుడు జెయ్యకు కమలా, సైలెన్సర్ ఏందో అంటున్నది, జర ఇననియ్యి' అన్నరు. నేను తేల్చుమన్నది నా సప్పుడు సంగతి. సైలెన్సర్‌ది గాదు."

పీరయ్య పానా పట్టుకుని కారు కిందికి దూరిపోయాడు.

సైలెన్సర్ ఆ రోజు ఏమన్నదో కిషన్ రావుకు ఇప్పటికీ గుర్తుంది. క్లాంపు వదులై కిరకిరమంది. అత్తగారి ఆపరేషన్ దేనికో మాత్రం గుర్తు రాలేదు. సిగ్గేసింది. ఉన్నమాట చెప్పాలంటే ఏడుపే వచ్చింది.

"మరి ఏది ఉంచాలె సార్?" కారు కిందినుంచి మెల్లగా అడిగాడు పీరయ్య.

"ఏదన్న ఉంచు పీరయ్యా."

ఆదివారం పొద్దున ఆయన ఎడమ తలుపు తీసి పట్టుకున్నాడు. "ఎక్కు కమలా. తప్పయింది. నీకు ఎంత సప్పుడు జెయ్యాలనుంటె అంత జెయ్యి."

కమల ఆయన ముఖంలోకి ఒక నిమిషం చూసి, పట్టుచీర కుచ్చిళ్లు సర్దుకుని ఎక్కింది. చిక్కడపల్లి దాకా పెదవి విప్పలేదు. అక్కడ మొదలుపెట్టింది. ఉదయశ్రీ ఇంటి వాస్తు, వంటింట్లో చాలని అరలు, ఆ అరల గురించి ఉదయశ్రీ అత్తగారు అన్న మాట. నారాయణగూడకు వచ్చేసరికి సైలెన్సర్ వేడెక్కి గొంతు విప్పింది. కిషన్ రావు ఇన్నేళ్లుగా వెతుక్కున్న గొంతు అదే. అడుగున గంభీరం, అంచున సన్నటి వణుకు. ఆయన చెవి ఆయన్నడక్కుండానే వెనక్కి పోయింది.

కమల మాట ఆపేసింది.

ఎర్ర లైటు పడింది. కిషన్ రావు చెయ్యి చాచి తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు.

"ఇనబడ్తలేదు కమలా. వాళ్ల అత్తమ్మ ఏమన్నదన్నవు?"

కమల కొంగుతో కళ్లు ఒత్తుకుని, మళ్లీ మొదటినుంచీ చెప్పసాగింది. పచ్చలైటు పడింది. వేడి మీదున్న ముసలి కారు స్టార్ట్ కానంటే కానంది. వెనక బస్సు హారన్, దాని వెనక ఆటోల తిట్లు. కిషన్ రావు దిగి, ఒక చెయ్యి స్టీరింగ్ మీద వేసి, భుజం ఆనించి కారును తోయసాగాడు.

"నువ్వు ఆపకు, జర గట్టిగ చెప్పు," అన్నాడు రొప్పుతూ. "హారన్లు ఎక్కువున్నయి."

కమల ఆయన వైపు తిరిగి గొంతు పెంచింది.