గడియ లేని తలుపు

పదకొండు వారాలుగా నా బుర్రలోకి ఒక్క కథ రాలేదు. కాగితం ముందు కూర్చోవడం, అంచుల్లో పిచ్చిగీతలు గీయడం, లేచి వెళ్ళి మంచినీళ్ళు తాగి రావడం, ఇదే వరస. "నీ పుణ్యమా అని ఇంట్లో బిందె నిండుగా ఉండట్లేదు" అని మా వదిన ఒకటే సాధింపు.

నేను బట్టల ఫ్యాక్టరీ పై అంతస్తులో, శాంపిల్ గదిలో పనిచేస్తాను. కొత్త చొక్కాల కొలతలు సరిచూడడం నా ఉద్యోగం. అది కడుపు కోసం. ప్రాణం పెట్టి చేసే పని ఇంకొకటి ఉంది. కింద క్యాంటీన్ గోడమీది బోర్డుకి ప్రతి సోమవారం ఒక పేజీ కథ అంటిస్తాను. కుట్టుపని చేసే మూడొందల మంది ఆడవాళ్ళు టీ గ్లాసులు పట్టుకుని నిలబడి చదువుతారు. వాళ్ళు నవ్వితే పైనున్న నాకు వినపడేది. ఆరేళ్ళుగా ఆ నవ్వు వినే నేను మెట్లెక్కి దిగుతున్నాను.

మొన్న మంగళవారం మేనేజరు గదిలోకి వచ్చి, "అమ్మా, ఖాళీ బోర్డు చూడలేకపోతున్నాను. సోమవారానికి కథ పడకపోతే రోజువారీ టార్గెట్ల చార్టు పెట్టేస్తా" అన్నాడు. నా కథల చోట ఆయన అంకెలా!

ఇంటికెళ్ళి గోల పెడితే వదిన గిన్నె తోముతూ తల కూడా ఎత్తలేదు. "తోచకపోతే చదివేవాళ్ళనే అడగరాదూ? తలా ఒక ముక్క ఇమ్మను. నువ్వు అల్లుకో" అంది.

ఒళ్ళు మండిపోయింది. ఇంతకాలం రాశాక ఒకళ్ళని అడుక్కోవాలా? ఆ మంట అన్నం తినేదాకా కూడా నిలవలేదు. మర్నాడే స్టోరు గదిలోంచి దుమ్ము పేరుకున్న ఒక పాత చెక్క పెట్టె తీసుకుని, దానికి తెల్లకాగితం చుట్టి అంటించాను. 'ఒక్క వాక్యం రాసి వేయండి. దాన్ని కథ చేసే పూచీ నాది' అని దానిమీద రాసి, కింద ఇస్త్రీ బల్లల పక్కన పెట్టమని అటెండరుకిచ్చి పంపాను.

శుక్రవారం సాయంత్రం అతను కవరు నిండా చీటీలు తెచ్చాడు. ముప్ఫై ఒకటి! ఒక్కొక్కటే విప్పాను. 'మూడో వరసలో ఫ్యాను చలికాలంలోనే తిరుగుతుంది.' అబ్బ! 'క్యాంటీన్ బెంచీకి మూడు కాళ్ళు, నాలుగోది మా మోకాలు.' ఓరి నాయనో, వీళ్ళా బట్టలు కుట్టేది! ఇంకొకటి విప్పాను. 'బాత్రూం తలుపుకి గడియ లేదు. లోపలున్నవాళ్ళు పాడుతూనే ఉండాలి.'

కుర్చీలోంచి ఎగిరి గంతేశాను. ఏం ఊహ!

శనివారం మధ్యాహ్నం కూర్చుంటే కలం ఆగలేదు. పాట అంటేనే సిగ్గుపడి చచ్చే ఒక కొత్తమ్మాయి, మొదటిరోజు, గడియ లేని తలుపు. లోపల్నుంచి సన్నగా మొదలైన పాట, బయట ఒక్కొక్కటే ఆగిపోయిన మిషన్లు, ఆ పిల్ల బయటికి రాగానే అందరి చప్పట్లు. ఆ గంటన్నరలో ఒక్కసారి కూడా మంచినీళ్ళకి లేవలేదు. వదిన గరిటె పట్టుకునే చదివి, చెంగుతో కళ్ళు తుడుచుకుంది. పొయ్యిమీద కూర మాడింది. నన్ను తిట్టలేదు కూడా.

సోమవారం టీ వేళకి నేను మెట్లమీద నక్కి నిలబడ్డాను. ముందు నవ్వులు. తర్వాత నిశ్శబ్దం. మేనేజరు తన చార్టు చుట్టుకుని చంకలో పెట్టుకున్నాడు. నా కాళ్ళు నేలమీద ఆనలేదు.

అప్పుడే గుండీలకి కాజాలు కుట్టే మిషన్ మీద పనిచేసే ఆవిడ మెట్లెక్కి వచ్చింది.

"బాత్రూం చీటీ నాదమ్మా" అంది.

"మీదా! ఎంత గొప్పగా ఊహించారండీ!"

"ఊహేంటి? రండి, చూపిస్తా."

చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. ఇస్త్రీ బల్లల దగ్గర నా పెట్టె కనబడింది. ఆవిరికి నా తెల్లకాగితం ఊడి బల్ల కింద పడి ఉంది. దుమ్ము కరిగి, పెట్టెమీద ఎప్పుడో వేసిన పసుపురంగు అక్షరాలు మెరుస్తున్నాయి: ఫిర్యాదుల పెట్టె.

ఇంకాస్త ముందుకెళ్ళాం. మూసిన బాత్రూం తలుపు వెనక ఎవరో శ్రుతీ లయా లేకుండా గొంతు చించుకుంటున్నారు. గడియ ఉండాల్సినచోట కన్నాలున్నాయి.

"నేను కథ అడగలేదమ్మా. గడియ అడిగాను" అందావిడ. గొంతులో కోపం లేదు. "ఐదు నెలలైంది. పాడలేనివాళ్ళం పొద్దుట్నించి సాయంత్రందాకా మంచినీళ్ళు తాగడం మానేశాం. మీ కథ బావుంది, నాకూ ఏడుపొచ్చింది. చివరిదాకా వెతికాను. ఆ పిల్లకి పాటిచ్చారు, చప్పట్లిచ్చారు. గడియ మాత్రం ఇవ్వలేదు."

నాకు తలకొట్టేసినట్టయింది. పై అంతస్తులో మాకు వేరే బాత్రూం ఉంది. దానికి రెండు గడియలు.

గబగబా బోర్డు దగ్గరికి వెళ్ళాను. పోతే బోర్డు పోతుంది, అంతేగా! అందరూ చూస్తుండగా కథ కింద మిగిలిన జాగాలో రాశాను: 'చప్పట్లు ఆగాక ఆ పిల్ల మేనేజరు వైపు తిరిగి, నాకు పాడాలని లేదు సార్, గడియ కావాలి అంది. ఆ సాయంత్రమే మెకానిక్ వచ్చాడు. చేతిలో కొత్త గడియ, నాలుగు స్క్రూలు.'

వెనక అలికిడైంది. మేనేజరు! ఒకసారి చదివాడు. మళ్ళీ చదివాడు. టీ గ్లాసులు పట్టుకున్న మూడొందల మందీ కథని వదిలేసి ఆయన ముఖమే చదువుతున్నారు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ సాయంత్రమేనా?" అన్నాడు.

"కథలో అలాగే ఉంది సార్" అన్నాను.

ఆయన చంకలోని చార్టు సర్దుకుని, ఫోను తీసి మెకానిక్‌ని పిలిచాడు.

మెకానిక్ రాగానే చేతులు తుడుచుకుని ముందు కథ చదివాడు. "ఆ తలుపుకి నాలుగు చాలవండీ, ఆరు పడతాయి" అన్నాడు. నేను నాలుగు కొట్టేసి ఆరు అని దిద్దాను.

గడియ బిగించగానే మొదట లోపలికెళ్ళింది కాజాలావిడే. టక్కుమని చప్పుడైంది. బయట మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. లోపల్నుంచి పాట లేదు, పలుకు లేదు. నాకు గట్టిగా ఈల వేయాలనిపించింది.

ఆవిడ బయటికి వచ్చి, నేరుగా మంచినీళ్ళ కుండ దగ్గరికి వెళ్ళి, ఒక గ్లాసు ముంచి గటగటా తాగింది.

"మూడో వరసలో ఫ్యాను సంగతి ఎప్పుడు రాస్తారు?" అని అడిగి, రెండో గ్లాసు ముంచుకుంది.