రెండేసి, ఏడేసి

నస్పూర్ బొగ్గుగని క్వార్టర్లలో ఆదివారం ప్రార్థనకు విజయేందర్ ఎర్ర, నీలి పెన్సిళ్లతో గీతలు గీసిన బైబిలు పట్టుకొచ్చాడు. "నోవహు ఓడ లోపలికి, ఇందుల ఒకకాడ అన్ని జంతువులు రెండేసి ఎక్కినయి, ఇంకోకాడ పవిత్రమైనయి ఏడేసి. నీళ్లు ఒకకాడ నలభై దినాలు, ఇంకోకాడ నూటయాభై. ఇద్దరు చెప్పిన కథను ఎవరో ఒక్కటిగ కుట్టిండ్రు," అన్నాడు.

సంఘపెద్ద ఇస్తారి అతని పెద్దబాపే, తండ్రికి అన్న. ముప్పై ఏళ్లు బాయిలో బొగ్గు ఎత్తిన చెయ్యి ఆయనది. "దేవుని మాటకు గీతలు గీస్తవారా," అంటూ చేతికర్ర ఎత్తాడు. మొదటి దెబ్బకే పెదవి చిట్లి పన్ను ఊడింది. ఆ తర్వాత విజయేందర్‌కు లెక్క తెలియలేదు.

విజయేందర్ చెల్లె స్వరూప అందరినీ పోలీసు స్టేషన్‌కు ఈడ్చుకుపోయింది. కర్రతో ఏడు దెబ్బలని ఆమె చెప్పింది. ఇస్తారి భార్య నాగవ్వ, రెండే దెబ్బలు, అదీ చేత్తో, అంది. ఆ పంచాయితీ ఎంతకూ తెగక, ఫిర్యాదు రాసుకునే రైటరు విసిగి రెండూ ఒకే కాగితంలో ఎక్కించి చదివాడు. "చేతితో రెండు దెబ్బలు కొట్టెను. కర్రతో ఏడు దెబ్బలు కొట్టెను."

ఇస్తారికి మండింది. "గిదేం రాత సార్? ఇద్దరు చెప్పింది ఒక్కటిగ కుట్టిండ్రు."

విజయేందర్ నోట్లోని నెత్తురు ఉమ్మేశాడు. "పొద్దుగాల నేను చెప్పింది గదే, పెద్దబాపూ."

సాక్ష్యంగా బల్ల మీద పెట్టిన కర్రను ఇస్తారి లాక్కున్నాడు. రైటరు లేచేలోపే అది విజయేందర్ చెవి మీద రెండు ముక్కలైంది.

ఆ దెబ్బ గురించి మాత్రం స్వరూప, నాగవ్వ ఒక్కటే మాట చెప్పారు.