మీటకు కట్టిన తువ్వాలు

"ఐ విల్ స్టార్ట్. ఐ యామ్ స్టార్టింగ్. ఐ హ్యావ్ స్టార్టెడ్."

బస్సు అహ్మది రోడ్డెక్కేసరికి అచ్చిబాబు ఈ మూడు ముక్కలూ పెదవులు కదిపీ కదపనట్టు వల్లె వేసుకుంటున్నాడు. పొద్దున్నే అయినా కిటికీ అద్దం చెయ్యి ఆనించనివ్వడం లేదు. ఖైతాన్‌లో బస్సెక్కిన వాళ్ళంతా తలలు వాల్చేసి నిద్రపోతున్నారు. అతనికి నిద్ర రాదు. కువైట్ వచ్చిన దగ్గర్నుంచీ రోజూ ఇదే బస్సు, ఇదే జపం.

"ఇంగా పాటం రాలేదా అన్నా నీకు?" పక్క సీట్లోంచి సిద్ధయ్య నవ్వాడు. రాయచోటి వైపు కుర్రాడు. పెళ్ళయిన మరుసటేడు వచ్చాడు. మెడలో ఎర్రంచు తువ్వాలు ఎప్పుడూ ఉంటుంది. పెళ్ళాం సంజీవమ్మ ఇచ్చి పంపిందని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతాడు.

"నవ్వకురా బాబూ. ఫోనెత్తితే చాలు, నోరెండిపోద్ది నాకు."

"నీ పక్కన కూసోని కూసోని నాకే వచ్చేసినాయి, సూడు." సిద్ధయ్య మూడూ గడగడా అప్పజెప్పాడు. "ఇయ్యి నోటికొస్తే ట్యాంకులోకి దిగే పని తప్పుతాది గదన్నా. మస్తాన్ వలి సారుతో ఒక మాట సెప్పు. ఆ కంపుకు నాకు రొమ్ము పట్టేస్తాండాది."

అచ్చిబాబు అతని మొహం కేసి చూశాడు. కళ్ళ కింద నలుపు దిగి ఉంది.

"మాటలు రావడం కాదురా. మీట మీద చెయ్యేస్తే ముందు భయం రావాల. అది నేర్పుతానులే. రేపు శుక్రవారమేగా, సెలవు, నా గదికొచ్చెయ్."

"బయం నేర్పేదేందన్నా!" అని సిద్ధయ్య మళ్ళీ నవ్వాడు.

అచ్చిబాబుకి ఆ భయం వయసులోనే వచ్చింది. అమలాపురం దగ్గర బియ్యం మిల్లులో ఇంజను వేసేది అతనే. ఒకరోజు యజమాని అరుగు మీంచి "ఎయ్యరా!" అని కేకేశాడు. వేశాడు. బెల్టు వెనకాల నూనె డబ్బాతో ఒక మనిషి వంగి ఉన్నాడు. మనిషి బతికాడు గానీ కుడిచెయ్యి పోయింది. ఎవరూ లేరనుకున్నానండి అని అచ్చిబాబు ఊరందరికీ చెప్పుకున్నాడు. ఆ మాట తన మనసుకే ఎక్కలేదు. ఆ మనిషి ఖాళీ చొక్కా చేతిని మడిచి గుండీ పెట్టుకుని సంతలో ఎదురుపడుతుంటే ఊళ్ళో ఉండలేక గల్ఫు దారి పట్టాడు. తీరా ఇక్కడికొచ్చాక మోటారు పని తెలుసు కదా అని మళ్ళీ మోటారు దగ్గరే నిలబెట్టారు.

పని చెప్పడానికి సులువే. నూనె ట్యాంకులు కడిగే కాంట్రాక్టు. నలుగురు మనుషులు, సిద్ధయ్యా ముగ్గురు పఠాన్లూ, ట్యాంకులోకి దిగి అడుగున పేరుకున్న మడ్డి గోకి తీస్తారు. వాళ్ళు పైకొచ్చాక అచ్చిబాబు పంపు వేస్తే నీళ్ళు కొండంత జోరుతో లోపలికి కొడతాయి. ఆ సమయంలో లోపల ఎవరైనా ఉంటే ఇక అంతే. కంట్రోల్ రూము ఎక్కడో దూరాన ఉంటుంది. అచ్చిబాబు పంపు వేయబోతున్నాడా, వేస్తున్నాడా, వేసేశాడా అన్నదాన్ని బట్టి అక్కడ ఇంజనీరు వాల్వులు తిప్పిస్తాడు. అదంతా ఫోనులో ఇంగ్లీషులోనే చెప్పాలి.

మొదటి నెలలో ఏ ముక్క ఎప్పుడనాలో తెలియక మూడూ ఒకేసారి అనేసేవాడు. ఇంజనీరు తిట్టిన తిట్లు అర్థం కాకపోవడమే అతని అదృష్టం. చివరికి ఫోర్మన్ మస్తాన్ వలి జాలిపడి చేతులతో నేర్పాడు. చెయ్యి వీపు వెనక ఉంటే విల్ స్టార్ట్. మీట మీద పడితే స్టార్టింగ్. మోటారు రొద చెవినపడి చెయ్యి కిందికి దిగితే హ్యావ్ స్టార్టెడ్. అప్పట్నుంచీ అచ్చిబాబు చేతుల్ని చూసుకుని మాట్లాడతాడు.

తువ్వాళ్ళ ఏర్పాటు మాత్రం అతని సొంతం. లోపలికి దిగేవాడు ఎవడి తువ్వాలు వాడు మీటకు కట్టి పోవాలి. పైకొచ్చాక ఎవడిది వాడే విప్పుకోవాలి. ఒకరిది ఇంకొకరు ముట్టుకోకూడదు. పఠాన్లు మొదట ఎగతాళి చేశారు, తర్వాత అలవాటు పడ్డారు.

ఆవేళ కూడా నలుగురూ కట్టి దిగారు. సిద్ధయ్య తన ఎర్రంచు తువ్వాలు రెండు ముళ్ళు వేసి, "జాగర్తన్నా, మా సంజీవమ్మది" అన్నాడు.

మధ్యాహ్నానికి ముగ్గురు పైకొచ్చి తువ్వాళ్ళు విప్పుకుని, గేటు దగ్గర నీడలో నీళ్ళు తాగడానికి పోయారు. నాలుగో తువ్వాలు అలాగే ఉంది. పారలు సర్దుకుని వస్తాడులే అనుకున్నాడు అచ్చిబాబు. ట్యాంకు ద్వారం అవతలి వైపు ఉండటంతో అతనికి ఏమీ కనబడదు.

ఫోను మోగింది.

"ఆల్ అవుట్. స్టార్ట్ ద పంప్."

అచ్చిబాబుకి నోరెండిపోయింది. "సర్... వన్ మ్యాన్... టవల్..."

"మస్తాన్ టోల్డ్ మీ. ఆల్ అవుట్! స్టార్ట్!"

మిల్లు అరుగు మీంచి వినిపించిన కేకే ఇది. మూడు ముక్కల్లో ఏదీ ఈ అవసరానికి పనికొచ్చేది కాదు. వేయను అని చెప్పే ముక్క అతనికెవరూ నేర్పలేదు. "నో," అన్నాడు. "నో స్టార్ట్."

అవతల అరుపులు. ఇఖామా, కఫీల్, క్యాన్సిల్ అన్న మాటలు మాత్రం బాగానే అర్థమయ్యాయి. యజమానికి చెప్పి ఇక్కడ ఉండనిచ్చే కాగితం రద్దు చేయిస్తాడు, సాయంత్రానికి విమానం ఎక్కించేస్తారు. అచ్చిబాబు ఫోను బల్ల మీద పడేసి ట్యాంకు చుట్టూ పరిగెత్తాడు. ద్వారంలోంచి తల లోపల పెట్టి, "సిద్ధయ్యా! ఒరే సిద్ధయ్యా!" అని పిలిచాడు. ముక్కు పగిలే కంపు, చిమ్మచీకటి. తన గొంతే తనను పిలిచినట్టు తిరిగొచ్చింది. పలకనివాడు లోపల లేడో, ఉండీ పలకడం లేదో ఎలా తెలుస్తుంది? మళ్ళీ వచ్చి మోటారు ముందు నిలబడి రెండు చేతులూ వీపు వెనక కట్టుకున్నాడు. ఫోను అలా అరుస్తూనే ఉంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

ఎండ కాస్త వాలాక పికప్పు వచ్చి ఆగింది. మస్తాన్ వలి దిగాడు. చొక్కా నిండా మడ్డి.

"ఏందయ్యా, పంపు ఎయ్యలేదంటనే? ఆయప్ప నా మీద ఎగురుతాండాడు."

"సిద్ధయ్య తువ్వాలు ఉందండి. ఆడెక్కడండి?"

మస్తాన్ వలి టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ద్వారం కాడనే పడిపోయినాడు. నేనూ డ్రైవరూ బయటికి లాగి బండిలో ఏసుకున్యాం. గేటు కాన్నుంచి ఫోను చేసి అందరూ బయటికొచ్చినారని చెప్పినా. నీకు చెప్పేంత టయిము లేకపాయ." టోపీ కేసి చూస్తూ, "దారిలోనే పోయినాడు అచ్చిబాబూ," అన్నాడు.

అచ్చిబాబు నేల మీద కూలబడ్డాడు. తాను వేయలేదు. ఈసారి తన చేతి మీదుగా జరగలేదు. ఆ మాట తనకు తాను చెప్పుకుంటే ఊరట కలగలేదు, సిగ్గేసింది. రేపు శుక్రవారం రమ్మన్నాడు పిల్లాణ్ణి.

ఫోను మళ్ళీ మోగింది. మస్తాన్ వలి తువ్వాలు ముడి విప్పబోయాడు. అచ్చిబాబు లేచి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"వద్దండి. ఎవడిది ఆడే తియ్యాలండి."

మస్తాన్ వలి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అచ్చిబాబు ఫోను చెవిన పెట్టుకున్నాడు.

"ఐ విల్ స్టార్ట్." ఎండకు బిరుసెక్కిన తువ్వాలు మీదే చెయ్యి వేశాడు. "ఐ యామ్ స్టార్టింగ్." మీట లాగాడు. రొద మొదలైంది. చెయ్యి కిందికి దించాడు. "ఐ హ్యావ్ స్టార్టెడ్."

"గుడ్," అన్నాడు ఇంజనీరు. "టుడే యువర్ ఇంగ్లీష్ ఈజ్ వెరీ గుడ్."

ట్యాంకులోకి నీళ్ళు విరుచుకుపడుతున్నాయి. లోపల ఎవరూ లేరని తెలిసినా, ఆ హోరులో ఎవరైనా అన్నా అని పిలుస్తారేమోనని అచ్చిబాబు చెవులు రిక్కించి వింటూనే ఉన్నాడు. మీట మీద ఎర్రంచు తువ్వాలు, సిద్ధయ్య వేసిన రెండు ముళ్ళతోనే, మోటారు అదురుకి సన్నగా వణుకుతూ ఉంది.