ఊళ ఆగిన చోటు

మా ఇంట్లో గిన్నె కింద పెడితే చప్పుడు కాకూడదు. పెళ్లయి వచ్చిన కొత్తలోనే మా అత్త నరసక్క ఆ మాట చెప్పింది. "ఏమే హొన్నమ్మా, గిన్నెలతో ఊరందరినీ పిలుస్తాండావా? మెల్లగా పెట్టు." తలుపు మెల్లగా వేయాలి. నవ్వితే కొంగు అడ్డం పెట్టుకోవాలి. నిడుగల్లులో గొర్రెల వెంట తిరుగుతూ గుట్టకూ గుట్టకూ మధ్య కేకలేసుకుంటూ పెరిగినదాన్ని. అయినా నేర్చుకున్నాను. విచిత్రమేమంటే మా ఇల్లు బతికేదే చప్పుడు మీద. మా ఆయన కొల్లప్పకు పావగడ బస్టాండు వెనక మైకుసెట్టు అంగడి ఉండేది. ముందు గది అంగడి, వెనక గదులు కాపురం.

పెళ్లిళ్లకూ జాతరలకూ సెట్టు వెళ్లొచ్చాక లౌడుస్పీకరు హారన్లలో దుమ్ము తుడిచేది నేను. తెగిన వైర్లు కలిపి అతికేది నేను. వచ్చినవాళ్లకు టీ కాచి, లోపలినుంచి లోటాలు ముందుకు జరిపేది నేను. "కొల్లప్ప సెట్టు అంటే కొల్లప్ప సెట్టే" అని వాళ్లు టీ తాగుతూ మెచ్చుకునేవాళ్లు. ఆయన మీసం తుడుచుకునేవాడు.

ఎనభై ఆరు, ఎనభై ఏడు సంవత్సరాలను మావైపు ఎవరూ మరిచిపోలేరు. వానల్లేక శెనక్కాయ చెట్టు ఊడలు దిగకముందే మాడిపోయింది. గొర్రెల్ని తోలుకొని జనం ఎటెటో పోయారు. పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. హారన్లు గోడకు తగిలించి ఉండిపోయాయి. అలాంటి రోజుల్లో వెంకటమ్మనహళ్లి నుంచి సంజీవప్ప చిన్నాయన మా అంగడికి ఒక పెద్ద వాద్యం తెచ్చాడు.

చిన్నాయన మా నాయనకు వరస తమ్ముడు. మిలిటరీ బ్యాండులో పనిచేసి వచ్చినాడు. ఆయన వాయించినది పిటీలు లాంటిదే, కానీ మనిషికన్నా ఎత్తు. నేల మీద నిలబెట్టి, పక్కన నిలబడి, వేళ్లతో మీటాలి. బేస్ అంటారని చెప్పాడు. పక్షవాతం వచ్చి ఆయన ఎడమచెయ్యి పట్టు తప్పింది. తీగలు నొక్కలేడు. అయినా హార్మోనియం పాపన్న కట్టిన పాటల బృందంలో ఆ వాద్యం మోగాలని ఆయన ఆశ. తీగల్ని కిందనుంచి ఎత్తిపట్టే చెక్క బిళ్లకు, గుర్రం అంటారు దాన్ని, చిన్న పికప్ ఒకటి అతికించి ఉంది. చెక్క అదురును అది పట్టి వైరు గుండా ఆంప్లిఫయరుకు పంపుతుంది. ఆ వైరు తెగితే అతికించమని తెచ్చాడు.

మా ఆయన వైరు అతికి, కొత్తగా కొన్న పాత స్పీకరు బాక్సులకు తగిలించి చూసి, ఆంప్లిఫయరు ఆర్పకుండానే చిన్నాయనతో హోటలుకు పోయాడు. నేను గుడ్డ తీసుకొని వాద్యం మీది దుమ్ము తుడుస్తున్నాను. బొటనవేలు లావుపాటి తీగకు తగిలింది.

ఆ శబ్దం చెవికి వినిపించిందని చెప్పలేను. ముందు అరికాళ్లకు తెలిసింది. తర్వాత పొట్టలో, రొమ్ము ఎముకలో. ఎవరో లోపలినుంచి నన్ను పేరు పెట్టి పిలిచినట్టు నిలబడిపోయాను. నాలో ఇంత చోటు ఉందని నాకప్పటిదాకా తెలియదు. వంట, బట్టలు, వైర్లు, అత్త మాటలు, కడుపు పండలేదని చుట్టాలు అనే మాటలు, వీటన్నిటితో కిక్కిరిసిపోయి ఉన్నాననుకున్నాను. కాదు. అవన్నీ గుమ్మం దగ్గరే ఆగిపోయాయి. వెనక ఎంత పెద్ద చావడి ఉందో, అందులో ఆ శబ్దం ఎంత దూరం నడిచిందో! నాకు కళ్లనీళ్లు తిరిగాయి. దుఃఖం లేదు, అయినా తిరిగాయి.

అయితే శబ్దం ఆగలేదు. నేను మళ్లీ తాకలేదు, అయినా పెరుగుతోంది. హుమ్మని ఊళ పెట్టింది. అలమరలో లోటాలు గలగలలాడాయి. అత్త పరిగెత్తుకొచ్చింది. "భూమి కదుల్తాండాదేమే! ఏం జేసినావే?" రెండు చేతులా దాన్ని కావలించుకొని, అరచేతులు తీగల మీద అదిమాను. ఎవరో నోరు నొక్కినట్టు ఊళ చప్పున ఆగింది.

హోటలు నుంచి తిరిగొచ్చిన చిన్నాయన వాకిట్లో నిలబడి చూస్తున్నాడు. "ఎవరు నేర్పించినారమ్మీ నీకు?"

"ఎవరూ నేర్పలేదు చిన్నాయనా. భయమైంది, పట్టుకున్యా."

ఆయన నవ్వి చెప్పాడు. "దీని కడుపు బోలు. బాక్సులోంచి వచ్చే సద్దును మళ్లా అదే వింటాది. విని మళ్లా పలుకుతాది. అది బాక్సులో పోతాది, మళ్లా వింటాది. అట్ల పెరిగిపోతాది. వాయించేది ఎవరికైనా నేర్పచ్చు. ఆపేదే కష్టం."

ఆ రోజు నుంచి వాద్యం మా అంగడిలోనే ఉండిపోయింది. మధ్యాహ్నాలు, అత్త కునుకు తీసే వేళ, చిన్నాయన నాకు నేర్పాడు. పొట్టిదాన్ని, చెక్క పీట మీద నిలబడేదాన్ని. శెనక్కాయలు ఒలిచి ఒలిచి కాయలు కాచిన వేళ్లు కూడా మొదట పొక్కులెక్కాయి. మీటని తీగల మీద అరచెయ్యి ఎలా ఆనించాలో, వాద్యం ముఖం బాక్సుకు ఎదురుగా పెట్టకుండా ఎలా తిప్పుకోవాలో తెలిసింది. ఒకరోజు నా పాత చీర చించి దాని పొట్ట మీది సందుల్లో కుక్కాను. ఊళ సగం తగ్గింది. ఆంప్లిఫయరు మీద బేస్ అని రాసిన మర కొంచెం వెనక్కి తిప్పితే సద్దు పలచబడదు, శుభ్రపడుతుందని ఇంకోరోజు కనిపెట్టాను. గదిలో ఒక్కో చోట నిలబడి విన్నాను. ఒక మూల ఊళ పెట్టే స్వరం, రెండడుగులు జరిగితే బుద్ధిగా పలికేది. గాలిలో కంటికి కనబడని గోడలున్నట్టు! వాటి మధ్య తడుముకుంటూ నడుస్తుంటే ఒళ్లు జలదరించేది.

మా ఆయన మొదట నవ్వాడు. తర్వాత చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. కన్నడ రాజ్యోత్సవానికి బడి మైదానంలో పాపన్న బృందం పాడుతుందనీ, బేస్ నేనే వాయించాలనీ చిన్నాయన అన్నప్పుడు మాత్రం మొహం మాడ్చుకున్నాడు.

"మగోళ్లు లేరా మామా? జనం ముందర అంత మొద్దును కావలించుకొని నిలబడాల్నా ఇది?"

"మగోళ్లు ఉండారప్పా. నలుగురినీ పిలిచి చూసినా. దాన్ని ఆపను ఒక్కరికీ రాలేదు."

అత్త రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "మా వంశంలో ఆడోళ్లు స్టేజీ ఎక్కలేదు" అని గోడతో చెప్పింది. సెట్టు బాడుగకు పిలిచింది కూడా ఆ ఉత్సవం జరిపే సభవాళ్లే కాబట్టి మా ఆయన కాదనలేకపోయాడు.

ఉత్సవం రోజు మధ్యాహ్నం మా ఆయన స్టేజీ మీద బాక్సులు మా వెనక పెట్టించాడు. "ముందర పెట్టు, వెనకుంటే ఇది వింటాది" అన్నాను. "సెట్టు నాది. యాడ పెట్టాల్నో నాకు తెలుసు" అన్నాడు. వాద్యాన్ని ఎత్తుకొని పలకల మీద మెల్లగా నడుస్తూ, ప్రతిచోటా తీగ మీటి విన్నాను. ఎడమపక్క, తెర అంచు దగ్గర అది శాంతించింది. అక్కడ నిలబడ్డాను.

పొద్దు గుట్ట వెనక్కి వాలుతుండగా పాటలు మొదలయ్యాయి. ఎండిన చేలు వదిలేసి వచ్చిన జనం, మొహాల నిండా దుమ్ము. మొదటి పాట, రెండో పాట బాగానే పోయాయి. మూడో పాటలో పాపన్న హార్మోనియం బల్ల నావైపు జరిపి నా చోటు ఆక్రమించాడు. వెనక్కి తగ్గాను. హుమ్మని ఊళ లేచింది. జనం చెవులు మూసుకున్నారు. కింద ఆంప్లిఫయరు దగ్గర మా ఆయన ఏ మర తిప్పాలో తెలియక అన్నీ తడుముతున్నాడు.

నేను పాట వదలలేదు. అరచెయ్యి తీగల మీద వాల్చి, వీపు బాక్సుకు అడ్డం పెట్టి, వాద్యంతో పాటు తిరిగాను. తల తిప్పి కింద ఆయన కళ్లలోకి చూశాను. చూపుడువేలితో చూపించాను: అది. ఎడమకు. ఇంకొంచెం. చాలు.

ఆయన తిప్పాడు. చాలు అన్నచోట ఆపాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో నా చెయ్యి చూసి ఆయన చెయ్యి కదలడం అదే మొదలు.

ఊళ పోయింది. దాని చోట స్వరం ఒక్కటే మిగిలింది, గుండ్రంగా, బరువుగా. మైదానమంతా పరుచుకుంది. నా కాళ్ల దగ్గర పలకల మీది దుమ్ము ప్రతి మీటుకూ లేచి ఆడింది. అంత పెద్ద సద్దు నా వేలి కింద ఉంది. నేను వదిలితే వెళ్తుంది, నేను తాకితే ఆగుతుంది. మా వీధి ఈరక్క ముందు వరసలో నేల మీద కూర్చొని ఉంది. ఎన్నో ఏళ్లుగా ఆమెకు చెవులు వినపడవు. అరచెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి గుండె మీద పెట్టుకొని, నోరు తెరిచి నన్నే చూస్తోంది.

పాటలయ్యాక ఆమె స్టేజీ దగ్గరికొచ్చి నా చెయ్యి పట్టుకుంది. వినబడనివాళ్లు మాట్లాడే పెద్ద గొంతుతో అంది: "నాకు వినపడిందే! ఈడ వినపడింది!" గుండె చూపించింది. నేను ఆమెను పట్టుకొని ఏడ్చాను.

సభవాళ్లు మా ఆయన భుజం తట్టారు. "నీ సెట్టు బలే మోగింది కొల్లప్పా." ఆయన మీసం మీదికి చెయ్యి పోయింది. మళ్లీ దించేశాడు.

పాపన్న వచ్చి ఆయన్నే అడిగాడు. "ఆదివారం మడకశిరలో పాటలుండాయి. మీ ఇంటామెను పంపిస్తావా?"

"ఇంట్లో పనులుంటాయి, మా అమ్మ..." అని మొదలుపెట్టాడు.

"నన్నడుగు పాపన్నా" అన్నాను. గొంతు తగ్గించలేదు. "నేను వస్తా."

ఆదివారం పొద్దున చిన్నాయనా నేనూ బస్టాండులో నిలబడ్డాం. అత్త గడప దాటి రాలేదు. మా ఆయన వచ్చాడు. బస్సు మీదికెక్కి వాద్యానికి తాళ్లు కట్టి, ముడి గట్టిదో కాదో లాగి చూసి దిగాడు.

కండక్టరు కిందినుంచి ఆ ఆకారాన్ని చూసి బెదిరిపోయాడు. "ఏందప్పా అది? ఎవరు వాయిస్తారు దాన్ని?" అని మా ఆయన్ని అడిగాడు.

మా ఆయన నావైపు చూశాడు. నేనే చెప్పాను.

"వాయించేది నేను."

బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాను.