గుండీలు పెట్టిన చొక్కా

మెడ దగ్గరి గుండీ ఎంతకీ కాజాలో దూరడం లేదు. ఆమె మళ్లీ మళ్లీ తోసి చూస్తోంది. ఇస్త్రీ బడ్డీ నడిపే ఆమె మొగుడు గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. టీకా వేయించుకున్న కొన్నాళ్లకే అతని భుజంలో పోటు మొదలై, కుడిచేయి చచ్చుబడింది. లక్షల మందికి ఏమీ కాలేదు, ఇతనికే అయింది. నష్టపరిహారం కోసం వేసిన కేసులో ఇవాళ డాక్టర్లు ఆ చేయి చూస్తారు. వాళ్లు కాదంటే బడ్డీ మూసేయడమే. ఆ తర్వాత ఇల్లెలా గడుస్తుందో ఆలోచించాలన్నా ఆమెకు భయం.

"అడిగినదానికే చెప్పు. నీ నోటికి తాళం ఉండదు."

"తాళంచెవి నీ దగ్గరే ఉందిగా," అన్నాడు.

ఆమెకు నవ్వు రాలేదు. నలిగిన చొక్కాతో నలుగురిలోకి రానని, పొద్దున్నే ఎడంచేత్తో ఇస్త్రీపెట్టె పట్టాడు. గుడ్డ జారకుండా చచ్చిన చేతిని దానిమీద బరువులా పెట్టుకున్నాడు. కమురు వాసన వచ్చేదాకా ఇద్దరికీ తెలియలేదు. మణికట్టు పైన చర్మం ఊడివచ్చింది. అతని ముఖంలో నొప్పి లేదు, సిగ్గుంది. ఇన్నేళ్లలో తన పెట్టె తనను కాల్చడమా! ఎవరికీ చెప్పొద్దని, చొక్కా చేతిని కిందికి లాగించుకున్నాడు.

ఆసుపత్రిలో బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు. పెద్ద డాక్టరు వేళ్లు వంచాడు, అరచేతిలో సూదితో గుచ్చాడు, చొక్కా మాత్రం విప్పమనలేదు. మడత కత్తిలా ఉందే, ఇస్త్రీ ఎవరు చేశారని మెచ్చుకోలుగా అడిగాడు.

నా పేరు చెప్పు, నా పేరు చెప్పు అని ఆమె లోలోపలే మొత్తుకుంది.

"నేనేనండీ," అన్నాడు. చాలా కాలానికి ఆ గొంతులో పాత బిగువు వినిపించింది.

డాక్టరు ఏదో రాసుకున్నాడు. కాలిన చోటు చూపిద్దామని ఆమె అతని చొక్కా చేతిమీద చెయ్యి వేసింది. అతను ఒక్కసారి చూశాడు. ఆమె చెయ్యి ఆగిపోయింది.

"పని చేసుకోగలుగుతున్నాడని రాశారమ్మా, ఇక కష్టమే," అన్నాడు వాళ్ల లాయరు వరండాలో.

ఇంటికొచ్చాక ఆమె నేరుగా వంటింట్లోకి వెళ్లింది. ఏమన్నా అంటే ఏమైపోతాడోనని భయం. మంచినీళ్లు తెచ్చేసరికి గది ఖాళీగా ఉంది, తలుపు బార్లా తెరిచి ఉంది. చెప్పులు లేవు. గుమ్మంలో నిలబడి చూస్తే, వీధి మలుపులో బనీను వేసుకున్న వీపు కనిపించి మాయమైంది.

మంచం మీద చొక్కా పడి ఉంది. విప్పుకోలేక తల మీదుగా లాగేసినట్టున్నాడు. మెడ దగ్గర్నుంచి కిందిదాకా గుండీలన్నీ పొద్దున ఆమె పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.