మేకపిల్ల ఇంటికొచ్చే కథ

చాంద్ బేగం ఒక కన్ను కంప్యూటర్ తెర మీది మేకపిల్ల మీద, ఇంకో కన్ను కూతురు ఫర్హానా సంచి మీద వేసి ఉంది. సంచి జిప్పు సగం దాకానే పడింది. దారిలో ఊడితే? రైలు తలుపు దగ్గర వంగి సర్దుకోబోతే?

బేతంచెర్లలో బండల పాలిషు మిల్లుల వెనక, మెట్ల కింద ఇరుక్కున్న కేబుల్ టీవీ గది అది. మిల్లుల తెల్లటి దుమ్ము కిటికీలోంచి వచ్చి మీటల మీదా, ఆమె కనురెప్పల మీదా మెల్లగా వాలుతుంది. సాయంత్రాలు పిల్లల బొమ్మల కథలు వేయడం ఆమె పని. ఈ పసుపు మేకపిల్ల కథలు ఫర్హానా ఉయ్యాలలో ఉన్నప్పటి నుంచీ వస్తూనే ఉన్నాయి. అరగంటకు రెండు కథలు. కంపెనీ వాళ్లు తీసిన వరుసలోనే నంబర్లు వేసి పంపుతారు. చాంద్ బేగం ఆ నంబర్లను పక్కన పెట్టి తన వరుస తాను కట్టుకుంది. ముందు మేకపిల్ల తప్పిపోయే కథ, దాని వెనకే ఇంటికొచ్చే కథ. తల్లులు మిల్లు నుంచి ఇంకా రాని వేళ. పసిపిల్లలు భయంతో మిగిలిపోతే ఎట్లా?

గోడవారన రెండు బండముక్కలు పేర్చిన పీట మీద ఫర్హానా కూచుంది. చిన్నప్పుడు దాని మీదే అన్నం తినేది, కథ సగంలో నిద్రపోయేది. ఇప్పుడు కడపలో నర్సు ఉద్యోగం. రేపే చేరాలి.

"హాస్టల్లో ఫ్యాను కింద పండుకోవద్దు."

"మంచం కింద పండుకోమంటావా మా?"

"నగు నగు. మొదటి కథ కాంగానే రైలొస్తాది. రెండోది చూసి, రేపొద్దున బండికి పోరాదా?"

"దినామూ పొద్దు గూకకముందే మేకపిల్లను ఇంటికి తోల్తాండావు. ఒక్క రాత్రన్నా దాన్ని బయట ఉండనీ మా."

కథ మొదలైంది. కొండ అవతల మేకపిల్ల మెడగంట సన్నగా మోగింది. ఏటవాలు ఎండలో దుమ్ము బంగారు పొడిలా తేలుతూ ఉంది. గంట చప్పుడులో రైలు కూత ఎప్పుడు కలిసిందో, భుజం మీద కూతురి చేయి ఎప్పుడు ఆని, ఎప్పుడు తేలిపోయిందో చాంద్ బేగానికి తెలియలేదు. చూపు తలుపు మీదే ఉండగా, వేలు దానంతటదే మీట నొక్కింది.

ఎంతసేపటికో ఫోను మోగింది. పక్క వీధి నాగలక్ష్మమ్మ.

"ఏమక్కా, మేకపిల్ల మళ్లా తప్పిపోయిందే? మా మనవరాలు ముద్ద ముట్టకుండా కూచోనుండాది."

తెర వైపు చూసింది. నిజమే. తప్పిపోయే కథ వెనక ఇంకో తప్పిపోయే కథ. ఇన్నేళ్లలో ఎన్నడూ జరగనిది. ఇంటికొచ్చే కథ వేలి కిందే ఉంది, నొక్కితే చాలు. నంద్యాల వైపు ఫర్హానా ఎక్కిన రైలు కూత పలచబడి, ఆగింది.

"రేపొస్తాది లేమ్మా," అంది. "దానికి దోవ తెలుసు. బిడ్డకు అన్నం పెట్టు."

వేలు మీట మీద నుంచి తీసింది.

గోడవారన బండపీట మీద దుమ్ము అప్పుడే వాలుతూ ఉంది. ఫర్హానా కూచున్న మేర మాత్రం ఇంకా నున్నగా మెరుస్తూ, చేయి ఆనిస్తే, వెచ్చగా ఉంది.