కీలున బిగిసిన నీలిలక్క

వైశాఖమాసపు మిట్టమధ్యాహ్నవేళ గాలి బొత్తిగా స్తంభించి వీథికుక్కలు సయితము కాలువగట్టు నీడలకు జేరి నాలుకలు వ్రేలవైచి రొప్పుచుండ ఆ యూరి చిట్టచివరనున్న రేకులషెడ్డులో కొయ్యను గిరగిర త్రిప్పు తరిమెన మాత్రము విరామము లేక రొదసేయుచుండెను. తిరుగుచున్న కొయ్యకు లక్కకణిక నానించినంతనే రాపిడివేడిమికి లక్క కరగి హరిద్రారుణనీలవర్ణములు వలయములు వలయములుగా పరచుకొనుచుండ మొగలియాకుతో నొత్తిన క్షణమున ఆ వర్ణములకు అద్దమువంటి మెరుగు వచ్చుచుండెను. అంతటి సొగసును కన్నులయెదుట నుంచుకొనియు షెడ్డు యజమానుడగు సన్యాసాచారి దానివంక జూడక రంగులద్దుచున్న చెల్లెలిమగని చేతులవంకనే గ్రుడ్లప్పగించి చూచుచుండెను.

సన్యాసాచారి అంకుడుకొయ్యను చెక్కుటయందు చుట్టుప్రక్కల సాటిలేనివాడు. లక్కపిడతలను గిలకలను కొనువారు నానాటికి కరవగుచుండుటయు పిల్లలందరు రూపము మార్చుకొను మరమనుషుల బొమ్మలకై వెర్రెత్తియుండుటయు గ్రహించి యాతడు ఆరునెలలు తిండి నిద్ర మరచి యొక విచిత్రమైన బొమ్మను కల్పించెను. చూచుట కది నీళ్లట్యాంకరు లారీ. గుండ్రని పసుపుపచ్చని తొట్టి, దానిక్రింద ఎర్రని చక్రములు. తొట్టిని నడుమ విప్పి రెండు చక్రములను భుజములుగను రెండింటిని మోకాళ్లుగను మడచినచో నదియే జానెడు పొడవు మరమనిషియై లేచి నిలుచును. లారీగా నున్నప్పుడు మచ్చుకైనను కానరాని నీలివర్ణము మరమనిషి రొమ్మున నొక్కుమ్మడిగా బయల్పడి చూపరులచేత అబ్బ యనిపించును. ఆ దాగియున్న నీలమే బొమ్మకు ప్రాణము. పట్టణమునందొక బొమ్మల వర్తకసంస్థలో ఎంపికలు చేయు ఇందుమతి యనునామె దీనిని మెచ్చెనా షెడ్డు నిలుచును. మెచ్చదా, తరిమెనను పాతయినుమునకు తూచి యిచ్చి సన్యాసాచారి సిమెంటుగోదాము వాకిట కాపలాకు కూర్చుండవలసినదే.

రంగులపని చెల్లెలిమగడగు నరసింగాచారిది. పదునారేండ్లుగా నొక్కకంచమున దిన్నట్లు మెలగినవాడు. అయిననేమి? పదిదినములక్రిందట ఎదురువీథి ఈశ్వరాచారి యింటియరుగుపై నొక బొంగరము సన్యాసాచారి కంటబడెను. పసుపునడుమ నీలము! అచ్చముగా తన బొమ్మరంగులే! ఆ ఈశ్వరాచారియు బొమ్మలు చేయువాడే, ఇందుమతికడకు నమూనా గొనిపోవువాడే. ఇంకేమున్నది, సన్యాసాచారి గుండెలో రాయి పడెను. నాటినుండి నరసింగాచారి దగ్గినను అనుమానమే, నవ్వినను అనుమానమే. ఆ బొంగర మక్కడి కెట్లు పోయెనని యొక్కమాట యడిగిన తీరిపోవుగదా! అడుగడు. అడిగినచో నబద్ధ మాడునని వెరపు, నిజము చెప్పినచో నది మరింత వెరపు. మహానుభావుడు!

ప్రయాణమునాటి యుదయమున సన్యాసాచారి యొంటరిగా బొమ్మను విప్పి చూచి యదరిపడెను. కొయ్య కొయ్యతో నొరయు ప్రతికీలునందును గోరంత మేర రంగులేక తెల్లగా వెలవెలబోవుచుండెను. లక్కపనివారలలో రంగందని చోటు విడుచుటకన్న తలవంపులు వేరొకటి లేదు. "కీళ్లకాడ సంగతి నాకొగ్గీ బావా, నువ్వు ముట్టకు" అని నరసింగాచారి యెన్నడో పలికిన పలుకు ఇప్పుడు చెవిలో విషమై మెదలెను. ఔరా, ఇందుకా ముట్టవలదనినాడు! ఇక్కడ మిగిల్చిన నీలిలక్క ఎవరియింట రంగై వెలిగినదో! అని పండ్లుకొరికి యాతడు కుంపటిపై లక్కకరగించి యన్ని కీళ్లను తన బొటనవ్రేలితో తానే పూసి బొమ్మను మరల లారీగా మడచి గుడ్డలో చుట్టి యేమియు నెరుగనివానివలె బస్సెక్కెను. నరసింగాచారియు వెంటవచ్చెను.

నాలుగుగంటలు బస్సులో కాగి యా క్రొత్తలక్క మెత్తబడెను. ఇందుమతి కచేరీలోని చల్లదనమునకు మరల రాయివలె గట్టిపడెను. ఆమె లారీని చేతబట్టి మురిసి విప్పబోయెను. విచ్చుకొనలేదు. బలముకొలది లాగగా ఒక భుజము మాత్రము కిర్రున లేచి మిగిలినదంతయు లారీగనే నిలిచిపోయెను. అటు బండియుగాక ఇటు మనిషియుగాక వంకరపోయిన యా రూపమును జూచి సన్యాసాచారి తన బొటనవ్రేలిని గుప్పిట దాచుకొనెను.

"రంగులు చాలా బాగున్నాయండీ. కానీ కీళ్లలో లక్క అతుక్కుపోయింది. ఇక్కడ ఎవరు పూశారు?" అని యామె యడిగెను.

నరసింగాచారి వంగి చూచెను. ఆ పూత మొగలియాకు మెరుగు కాదు, బొటనవ్రేలి ముద్ర. ఒక్కసారి బావమొగము చూచి తలదించుకొని "నాదే తప్పమ్మా. రంగులోడిని నానే గదా" అనెను.

"అయితే రంగులకు ఇంకొకరిని పెట్టుకుని పది రోజుల్లో మళ్లీ తీసుకురండి, చూద్దాం."

నోరు మూసికొన్న చాలును. షెడ్డు నిలుచును, తప్పు నరసింగాచారిపైననే యుండును, తన యనుమాన మెన్నటికిని బయటపడదు. సన్యాసాచారి యా కొన్నిక్షణములు నిజముగా నోరు మూసికొనియే యుండెను. పిమ్మట "కాదమ్మా! పూసింది నాను. ఈడు కీళ్లు ఒగ్గేసి సరిగ్గానే సేసినాడు. లక్క దాసీసి ఎవులికో ఇచ్చీసినాడని అనుమానపడి నానే పూసీసినాను" అని కక్కివేసెను.

ఇందుమతి యిరువురిని మార్చిమార్చి చూచి "సరే, ఆయనచేతే చేయించండి. మీరు మాత్రం రంగుల జోలికి పోవద్దు" అని గడువిచ్చి పంపెను.

బస్సుస్టాండున సన్యాసాచారి నీళ్లు నమలుచు బొంగరముమాట యెత్తెను. "నీలం పసుపుమీద ఏలగుంటాదో అని ముందుగాల ఓ బొంగరానికేసి సూసినాను. నీ ఇంటిదే, అక్క, దాన్ని ఈశ్వరాచారి మనవరాలికిచ్చింది. అడిగితే సెప్పీవోడిని గదా బావా" అని నరసింగాచారి బదులు పలికెను. కోపించెనా, కోపింపలేదు. కోపించియుండిన సన్యాసాచారి బ్రతికిపోయియుండును.

మరునాడు నరసింగాచారి యథాప్రకారము వచ్చి క్రొత్తబొమ్మకు రంగులు దీర్చెను. కీళ్లను కొయ్యగనే విడిచెను. పదవదినమున ఆ బొమ్మ ఇందుమతి చేతిలో పూవువిచ్చినంత సులువుగా విచ్చుకొని నీలిరొమ్ముతో నిలువ ఆమె చిన్నపిల్లవలె చప్పట్లు చరచి వేయి బొమ్మలకు మాట యిచ్చెను. షెడ్డు నిలిచెను. తరిమెన రెండింతల రొదతో తిరుగసాగెను.

కాని పని మొదలైన తొలిసాయంకాలమున ఇంటికి బోవుచు నరసింగాచారి గడపకడ నాగి తన గుడ్డసంచిని బావయెదుట తలక్రిందులు చేసి దులిపెను. అన్నపుగిన్నె, తువ్వాలు, బీడీకట్ట నేలరాలెను.

"సూసుకో బావా."

"ఏటిది నరసింగం! తప్పయిపోనాదని సెప్పినాను గదా!"

"సెప్పినావు" అని యాతడు మెల్లగా వానినన్నిటిని ఏరుకొని వెడలిపోయెను.

లారీ మనిషి యగును, మనిషి మరల లారీ యగును. నూరుమారులు త్రిప్పినను ఆ బొమ్మ తొంటిరూపమును మరువదు. అది కొయ్య చేసికొన్న పుణ్యము. ఆ వేయి బొమ్మలు పూర్తియగువరకు దినదినము పొద్దుక్రుంకువేళకు నరసింగాచారి గడపకడ సంచి బోర్లించుచునే యుండెను, సన్యాసాచారి చేతులు కట్టుకొని తలవంచి నిలుచుచునే యుండెను.